పాత కారు ఉత్తరాలు: ఈ నెల చిన్న అమెరికన్ బండ్లు

పోయిన సంచికలో నా 1965 ప్లిమత్ వాలియంట్ ఫోటో వేస్తే ఇన్ని ప్రశ్నలు వస్తాయని ఎడిటర్ గారూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఒకే రకం ప్రశ్నలు కలిపేశాను, ఏమీ అనుకోకండి.

కాంపాక్ట్ అంటే ఏమిటని నలుగురైదుగురు అడిగారు. 1950ల చివరికి అమెరికా కార్లు పడవల్లా తయారయ్యాయి, 1959 షెవర్లే ఇంపాలా పొడవు పదిహేడున్నర అడుగులు. 1958లో ఆర్థిక మాంద్యం వచ్చి జనం జేబులు తడుముకుంటున్న టైంలో జర్మనీ బీటిల్, ఇక్కడ అమెరికాలోనే చేసిన ర్యాంబ్లర్ బాగా అమ్ముడుపోతుంటే పెద్ద కంపెనీలు మూడూ మేలుకుని 1959 అక్టోబర్ ఒక్క నెలలోనే తలా ఒక చిన్న కారు దించాయి: షెవర్లే కోర్వేర్, ఫోర్డ్ ఫాల్కన్, క్రైస్లర్ వాళ్ల వాలియంట్. ఈ చిన్న కార్లనే కాంపాక్ట్‌లు అన్నారు. చిన్నది అన్నది వాళ్ల లెక్కలో లెండి. ఫాల్కన్ పొడవు పదిహేను అడుగులు, అంటే మన అంబాసిడర్ కంటే దాదాపు ఒక అడుగు ఎక్కువే. అప్పట్లో వీటిని స్కూలు టీచర్లు, రిటైరైనవాళ్లు, ఇంట్లో రెండో కారు కావాల్సినవాళ్లు కొన్నారు, అందుకే నాకు ఇష్టం. మామూలు మనుషుల బండ్లు ఇవి.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న: సార్, నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, పానా పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు, కానీ 60లనాటి కారు ఒకటి నా చేతులతో బాగు చేసుకోవాలని పిచ్చి పట్టింది. బడ్జెట్ 12,000 డాలర్లు. మస్టాంగ్ అందరి దగ్గరా ఉంది కాబట్టి కాంపాక్ట్‌లలో కన్వర్టిబుల్ ఏదైనా చెప్పండి. (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: పిచ్చి మంచిదే, కన్వర్టిబుల్ మాత్రం మొదటి బండిగా వద్దు. పైన గుడ్డ పాతబడి ఎన్నేళ్లు వానకి తడిసిందో, కింద ఫ్లోర్‌ని తుప్పు ఎంత తిన్నదో కొన్నాక గానీ తెలియదు, పైగా టాప్ లేని బండికి బలమంతా ఆ కింది రేకులోనే ఉండాలి. మీరు నాలుగు తలుపుల సెడాన్ కొనండి. సరదాగా అనడం లేదు. పాత కార్లు పోగేసేవాళ్లంతా రెండు తలుపుల కూపేల వెంటా కన్వర్టిబుల్స్ వెంటా పడతారు కాబట్టి అదే ఇంజన్, అదే గేర్‌బాక్స్, అదే డాష్‌బోర్డ్ ఉన్న సెడాన్ బాగా చవకగా దొరుకుతుంది, పైగా ఏ పెద్దాయనో కొత్తప్పుడు కొనుక్కుని ముప్పై ఏళ్లు జాగ్రత్తగా చూసుకున్న బండి అయ్యే అవకాశం కూడా సెడాన్‌లోనే ఎక్కువ.

ఏ కంపెనీది అంటే, మొదటిసారికి నా ఓటు ఫాల్కన్‌కి గానీ, వాలియంట్ లేదా దాని తోబుట్టువు డాడ్జ్ డార్ట్‌కి గానీ. ఫాల్కన్ ఎందుకంటే 1964లో వచ్చిన మస్టాంగ్‌ని దాని మీదే కట్టారు, కాబట్టి కింద భాగాల్లో చాలావాటికి మస్టాంగ్ సామాన్ల కేటలాగ్ చూసుకుంటే సరిపోతుంది, మస్టాంగ్‌కి దొరకని సామాను లోకంలో లేదు. వాలియంట్, డార్ట్‌లు ఎందుకంటే వాటి స్లాంట్ సిక్స్ ఇంజన్. ఆరు సిలిండర్లూ 30 డిగ్రీలు కుడివైపుకి ఒరిగి ఉంటాయి, చూడ్డానికి ఎవరో గుద్దేసినట్టు ఉంటుంది గానీ ఇంత మొండి ఇంజన్ నేను చూడలేదు. 1960లో మొదలై కార్లలో 1983 దాకా, ట్రక్కుల్లో 1987 దాకా వచ్చింది, ఆ లెక్కన సామాన్లకి లోటు ఎక్కడిది?

ఇప్పుడు అసలు విషయం. ఇంజన్ చూసి కొనకండి, తుప్పు చూసి కొనండి. ఇంజన్ బోర్‌కి వచ్చినా, గేర్‌బాక్స్ జారుతున్నా, బ్రేకులు అసలే లేకపోయినా అవన్నీ విప్పి బిగించే పనులు, లెక్క కట్టొచ్చు. తుప్పుకి లెక్క లేదు. ఫాల్కన్, వాలియంట్, కోర్వేర్ మూడింటికీ కింద విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్, అంటే రేకు తింటే బండి నడుమే పోయినట్టు. ఈ పాఠం నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. నా మొదటి బండి ఒహాయోలో కొన్నాను, కింద తుప్పు పట్టకుండా వేసే నల్లటి పూత, అండర్‌కోటింగ్, తాజాగా కొట్టి ఉంటే "అబ్బ, ఎంత బాగా చూసుకున్నాడో" అని మురిసిపోయాను. ఇంటికొచ్చి జాకీ ఎత్తితే జాకీ పైకి పోయింది, బండి లేవలేదు.

అందుకని వెళ్లేటప్పుడు మూడు వస్తువులు పట్టుకెళ్లండి: పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం, టార్చి, ఒక బాటిల్ నీళ్లు. వెనక చక్రాల చుట్టూ, తలుపుల కింది అంచులో, ముందు చక్రాల వెనకున్న రేకు మీద అయస్కాంతం పెట్టి చూడండి, జారిపడితే అక్కడ ఉన్నది రేకు కాదు, పుట్టీ. ఫాల్కన్ అయితే ముందు అద్దం కిందున్న జాలీలోకి నీళ్లు పోసి లోపల డాష్‌బోర్డ్ కిందకి తల పెట్టి చూడండి, కాళ్ల దగ్గర నీళ్లు కారితే జాలీ కిందున్న గూడుని తుప్పు తిన్నట్టే, దాన్ని బాగుచేయాలంటే ముందు భాగమంతా విప్పాలి, కాబట్టి అమ్మేవాడికి దండం పెట్టి వచ్చేయండి. వాలియంట్, డార్ట్ అయితే ముందు సీటు కింద టార్షన్ బార్ల (ముందు చక్రాలకి స్ప్రింగుల్లా పనిచేసే ఇనుప కడ్డీల) వెనక కొసలు బిగించే అడ్డ దూలం ఒకటి ఉంటుంది, అది గట్టిగా ఉండి తీరాలి. బండి ముందు భాగం బరువు మోసేది ఆ బార్లే. డిక్కీలో కార్పెట్ ఎత్తి చూడటం మర్చిపోకండి, స్టెప్నీ గుంటలో నీళ్లు నిలవడం అన్నిట్లోనూ ఉండేదే.

మీరు డాలస్‌లో ఉన్నారు కాబట్టి ఇంకా సులువు. మంచు కాలంలో రోడ్డు మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల బండి వద్దు, పడమర వెళ్లండి. న్యూ మెక్సికో, ఆరిజోనాల్లో ఎండకి సీట్ల రెక్సిన్ చీలిపోతుంది, డాష్‌బోర్డ్ పగులుతుంది, పెయింట్ సున్నంలా రాలుతుంది, అన్నీ పోనివ్వండి, రేకు మాత్రం అలాగే ఉంటుంది. 12,000లో 7,000 దాటి కారు మీద పెట్టొద్దు, మిగతాది బాగు చేయడానికే కావాలి. టైటిల్ కాగితం, అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం, లేదు, తర్వాత పంపుతాను అంటే అక్కణ్ణించే వెనక్కి తిరగండి.

ప్రశ్న: అన్నా, 1964 వాలియంట్ కొన్నాను, గేర్లన్నీ డాష్‌బోర్డ్ మీద బటన్లే, పిల్లలకి భలే ఇష్టం. సమస్య ఏంటంటే సెల్ఫ్ కొడితే టక్కున అందుకుంటుంది, తాళం వదిలేయగానే ఆగిపోతుంది. పదిసార్లు కొట్టినా ఇదే. మెకానిక్ కార్బొరేటర్ మార్చమన్నాడు, 400 డాలర్లు అన్నాడు. (ఒక పాఠకుడు, కొలంబస్)

జవాబు: తమ్ముడూ, కార్బొరేటర్‌ని ముట్టుకోకు. నువ్వు చెప్పిన లక్షణం క్రైస్లర్ బండ్లలో పసిపిల్లాడికి కూడా తెలుసు, ఇంజన్‌కీ కారు లోపలికీ మధ్యనున్న రేకు గోడ, ఫైర్‌వాల్ మీద తెల్లటి పింగాణీ ముక్క ఒకటి చిటికెన వేలంత ఉంటుంది, దాని పేరు బ్యాలస్ట్ రెసిస్టర్. సెల్ఫ్ కొట్టేటప్పుడు కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా ప్లగ్గులకి కరెంటు అందించే కాయిల్‌కి వెళ్తుంది, తాళం వదిలాక దాని గుండానే వెళ్లాలి. లోపలి తీగ తెగిపోతే ఏమవుతుంది? సెల్ఫ్ కొట్టినంతసేపు ప్లగ్గుల్లో నిప్పురవ్వ ఉంటుంది, వదిలితే ఉండదు. తాళం ఆన్‌లో పెట్టి టెస్ట్ లైటుతో రెండు కొసలూ ముట్టించి చూడు, ఒకవైపు వెలిగి రెండోవైపు అసలే వెలగకపోతే దొంగ దొరికినట్టే. కొత్తది కొన్ని డాలర్లే. రెండు కొని ఒకటి గ్లవ్ బాక్సులో వేసుకో, ఈ బండ్ల వాళ్లంతా చేసేది అదే. రెండు వైపులా వెలిగితే మాత్రం తాళం స్విచ్చి నుంచి వచ్చే వైరూ కనెక్టర్లూ చూడాలి.

ఎవరైనా తీగ ముక్కతో ఆ రెండు కొసలూ కలిపేస్తే పోద్ది అంటారు, ఇంటికి చేరడానికి అయితే సరే, అలాగే వదిలేస్తే కాయిల్ కాలిపోతుంది, పాయింట్లు మాడిపోతాయి.

ఇంకోటి, నువ్వు అడగలేదు గానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ బండికి ఎడమవైపు చక్రాల నట్లకి మర తిరగేసి ఉంటుంది. 1970 దాకా క్రైస్లర్ వాళ్లు అలాగే చేశారు, బోల్టు మొన మీద ఎల్ అక్షరం కొట్టి ఉండొచ్చు. విప్పడానికి గడియారం తిరిగే వైపు తిప్పాలి. నాకు ఈ సంగతి ముందే తెలిసినా ఒకసారి తొందరలో, పక్కన మా బావమరిది "ఇంకొంచెం బలం వెయ్యి బావా" అని ఎగదోస్తుంటే పైపు తొడిగి ఊగాను, రెండు బోల్టులు ఫట్ ఫట్ మని విరిగాయి. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పి నవ్వుతాడు. టైర్ షాపుకి వెళ్తే పక్కన నిలబడి చూసుకో, అక్కడి కుర్రాళ్లు పుట్టకముందు బండి అది.

బటన్ల సంగతి, 1964తో అవి ఆఖరు, మరుసటి ఏడాది నుంచి లివర్ వచ్చేసింది. కాబట్టి బటన్ల వెనకుండే కేబుళ్లని పాడు చేసుకోకు.

ప్రశ్న: నమస్తే అండీ. మావారు రెండేళ్ల క్రితం 1962 ఫాల్కన్ తెచ్చి గ్యారేజీలో పూర్తిగా విప్పేశారు. ఇప్పుడు సీట్లు బేస్‌మెంట్‌లో, తలుపులు నా కుట్టుమిషన్ గదిలో, బోల్టులు ఆవకాయ జాడీల్లో ఉన్నాయి, మా కార్లు రెండూ మంచులో ఉంటున్నాయి. బంపర్లు డ్రైవ్‌వే మీద ఆరబెట్టారని మా కాలనీ ఇళ్ల సంఘం, హెచ్‌ఓఏ వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం కూడా వచ్చింది. అమ్మెయ్యమంటే ఊరుకోరు. ఏం చెయ్యమంటారు? (ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం మా ఇంట్లో పైకి చదివాను, మా ఆవిడ "ఈ అమ్మాయి ఫోన్ నంబర్ ఉందా?" అని అడిగింది. కాబట్టి నేను ఎవరి పక్షమో ముందే అర్థం చేసుకుని చదవండి.

మీ ఆయన చేసిన తప్పు కారు కొనడం కాదు, మొత్తం ఒకేసారి విప్పడం. కొత్తవాళ్లంతా ఇదే చేస్తారు, విప్పడం రెండు వారాంతాల పని, అందులో గొప్ప ఆనందం ఉంది, బిగించడం రెండేళ్ల పని. ఇలా విప్పిన బండ్లే సగం ధరకి "ప్రాజెక్టు" పేరుతో అమ్మకానికి వస్తుంటాయి, కొనేవాడికి ఏ బోల్టు ఎక్కడిదో తెలియదు. మీ ఆయనకి ఇంకా గుర్తున్నప్పుడే కొన్ని పనులు చేయించండి. ఆవకాయ జాడీలు వెనక్కి తీసుకుని జిప్ కవర్లు ఇవ్వండి, ఒక్కో కవరు మీద ఎక్కడి బోల్టులో రాయమనండి. తలుపులు, బానెట్, డిక్కీ మూత పెయింట్ కాకపోయినా సరే బాడీకి బిగించేయమనండి. మీ కుట్టు గది మీకు వస్తుంది, పైగా ఫ్లోర్ వెల్డింగ్ పని ఉంటే తలుపులు బిగించి సందులు సరిపోతున్నాయో లేదో చూసుకుంటూ చేయాలి, లేకపోతే బాడీ వంగి తర్వాత తలుపులు పడవు.

తర్వాత బ్రేకులు. పెయింట్ కాదు, క్రోమ్ కాదు, బ్రేకులు. ఆ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, నాలుగింటికీ కలిపి ఒకటే లైను, ఎక్కడ కారినా మొత్తం పోతాయి, పెడల్ నేలకి తగులుతుంది. 1967 నాటి మస్టాంగ్‌లో డ్రమ్ బ్రేకులకి రెండు గదుల మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టే భాగం) వచ్చింది, ఒక గది పోయినా రెండోది పనిచేస్తుంది, ఫాల్కన్ ఉన్నవాళ్లు దాన్ని తెచ్చి కొద్దిగా పైపులు మార్చి బిగిస్తారు, ఖర్చు ఎక్కువ కాదు. ఒరిజినాలిటీ పోతుందని మీ ఆయన అంటే నా పేరు చెప్పండి. బండి నడిచి, ఆగి, సొంతంగా డ్రైవ్‌వే దాటి వెళ్లి వస్తే హెచ్‌ఓఏ ఉత్తరాలు కూడా తగ్గుతాయి, వాళ్ల గొడవంతా కదలని బండి గురించే.

పిల్లలున్న ఇల్లైతే రెండు సంగతులు నవ్వులాట కాదు. పాత బ్రేక్ షూల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి పైపుతో ఊదకూడదు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవాలి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, గీకితే మాస్కు, గీకిన బట్టలు విడిగా ఉతకాలి, ఆ పొడి ఇంట్లోకి రాకూడదు. ఇంకా 1962 బండికి సీటు బెల్టులు మామూలుగా ఉండవు. పిల్లల్ని ఎక్కించే ముందు బెల్టులు వేయించాలి, ఊరికే రేకుకి చిల్లు పెట్టి బిగించడం కాదు, కింద మందమైన ఇనుప పలక పెట్టి.

అమ్మమని మాత్రం నేను చెప్పను. బ్రేకుల పని అయిపోయాక ఒకసారి మీరే నడిపి చూడండి.

ప్రశ్న: కోర్వేర్ కొనాలని ఉంది, 1963 మాంజా. ఆఫీసులో చెప్తే ముసలాయన ఒకరు "అది చంపేస్తుంది" అన్నారు. నిజమా? (ఒక పాఠకుడు, మిషిగన్)

జవాబు: ఆ ముసలాయన కుర్రాడిగా ఉన్నప్పుడు 1965లో రాల్ఫ్ నేడర్ అనే లాయర్ కార్ల భద్రత గురించి ఒక పుస్తకం రాశాడు, మొదటి అధ్యాయమే కోర్వేర్ మీద. దేశమంతా అల్లకల్లోలమైంది, కార్ల భద్రతకి కేంద్ర చట్టం రావడంలో ఆ పుస్తకానికి పెద్ద వాటా ఉంది, దాన్ని కాదనలేం. కానీ కారు సంగతికొస్తే కథ కొంచెం చిక్కు.

కోర్వేర్ ఇంజన్ వెనక ఉంటుంది, గాలితో చల్లబడుతుంది, ఆరు సిలిండర్లు పడుకుని ఉంటాయి. అమెరికాలో పెద్ద కంపెనీ ఇంత తెగింపుతో చేసిన కారు మరొకటి లేదనే నా అభిప్రాయం. 1960 నుంచి 64 దాకా వెనక స్వింగ్ యాక్సిల్ ఉండేది, మలుపులో మరీ వేగంగా తిప్పితే వెనక చక్రం లోపలికి ముడుచుకుని బండి తోక విసిరే ప్రమాదం ఉంది. దానికి కంపెనీ ఖర్చు లేని ఉపాయం ఒకటి పెట్టింది, ముందు టైర్లలో గాలి 15, వెనక 26 పౌండ్లు ఉంచమంది. ఇక్కడే వచ్చింది తంటా. ఏ పెట్రోల్ బంకు కుర్రాడైనా నాలుగింటికీ సమానంగా గాలి కొట్టేస్తాడు కదా! 1964లో వెనక అడ్డ స్ప్రింగు ఒకటి చేర్చారు, 1965లో మొత్తం సస్పెన్షనే మార్చేశారు, అప్పటికే పేరు పోయింది. 1972లో ప్రభుత్వ సంస్థే పరీక్షలు చేయించి, 1960-63 కోర్వేర్ ఆనాటి మిగతా కార్ల కంటే ఎక్కువగా అదుపు తప్పేదేం కాదని తేల్చింది. అప్పటికి కోర్వేర్ తయారీ ఆగిపోయి మూడేళ్లయింది.

కాబట్టి 63 మాంజా కొనండి, టైర్ల గాలి మీరే చూసుకోండి, వాన రోజు వంతెన మీద పోటీలు పెట్టుకోకండి.

మిమ్మల్ని విసిగించేది మాత్రం మలుపులు కాదు, ఆయిల్. ఇంజన్ కింద పుష్‌రాడ్ గొట్టాలు పన్నెండు ఉంటాయి, ఒక్కోదానికి రెండు రబ్బరు రింగులు, అవి వేడికి ఎండి పగిలితే ఆయిల్ ఆ వేడి ఇనుము మీదే కారుతుంది. ఈ బండి హీటర్ ఇంజన్ మీద నుంచి వచ్చే గాలినే లోపలికి పంపుతుంది కాబట్టి చలికాలం హీటర్ వేస్తే కారంతా మాడిన ఆయిల్ వాసన, ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ కూడా పోయి ఉంటే వాసన లేని విషవాయువు. 24 రింగులూ వైటాన్ అనే రబ్బరు రకం వేయించండి, అవి తట్టుకుంటాయి. రెండోది ఫ్యాన్ బెల్టు. కింద నిలువుగా తిరిగే పుల్లీ నుంచి పైన పడుకుని తిరిగే ఫ్యాన్ దాకా మెలిక తిరిగి వెళ్తుంది పాపం, ఊడితే చల్లదనం ఉండదు. డాష్‌బోర్డ్‌లో ఎర్ర లైటు వెలిగితే "ఇంటికెళ్లి చూద్దాంలే" అనకండి, అక్కడే ఆపండి. డిక్కీలో, అంటే ముందు, స్పేర్ బెల్టు, పానా ఉండాలి.

మీరు మిషిగన్‌లోనే ఉన్నారు కదా, ఒక ఆదివారం ఇప్సిలాంటి వెళ్లి అక్కడి ఆటోమోటివ్ హెరిటేజ్ మ్యూజియం చూడండి. పక్కనే విల్లో రన్, రెండో ప్రపంచ యుద్ధంలో ఫోర్డ్ వాళ్లు బాంబర్ విమానాలు చేసిన చోటు, కోర్వేర్లు చాలావరకు తయారైందీ అక్కడే.

ప్రశ్న: 1966 డార్ట్ ఉంది. ఇప్పటి పెట్రోల్ పోస్తే ఇంజన్ పాడవుతుందంటున్నారు, ఏదో మందు కలపాలట. టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకుడు, శాక్రమెంటో)

జవాబు: టెన్షన్ వద్దు. పాత పెట్రోల్‌లో సీసం ఉండేది, అది ఇంజన్‌లో వాల్వులు ఆనే అంచుల్ని, అంటే వాల్వ్ సీట్లని కాపాడేది, రోడ్డు బండ్లకి అమెరికాలో 1996లో పూర్తిగా నిషేధించారు. మీలాగా వారానికోసారి కాఫీకి వెళ్లొచ్చే బండికి దానివల్ల పెద్ద తేడా రాదు, ఎప్పుడైనా ఇంజన్ పై భాగం, హెడ్ విప్పితే గట్టి వాల్వ్ సీట్లు వేయించుకోండి, సరిపోతుంది. మందుల డబ్బాకి పెట్టే డబ్బు పెట్రోల్ పైపులకి పెట్టండి, ఇప్పటి పెట్రోల్‌లో పదో వంతు ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరుని అది మెత్తబరిచి చీల్చేస్తుంది, వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారడం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఆయిల్ మాత్రం జింక్ ఎక్కువున్న రకం చూసి పోయండి, వాల్వులు తెరిచే ఆ కాలం క్యామ్‌కి అది కావాలి.

స్లాంట్ సిక్స్ కుట్టుమిషన్‌లా టకటకమంటుంటే భయపడకండి, ట్యాపెట్లు చేత్తో సరిచేసుకునే రకం అవి. ఇంజన్ బాగా వేడెక్కాక ఇన్‌టేక్ వాల్వులకి సందు పది థౌ, ఎగ్జాస్ట్ వాల్వులకి ఇరవై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). మరీ నిశ్శబ్దంగా ఉంటేనే నాకు అనుమానం, ఎవరో బిగించి పారేశారని.

ప్రశ్న: ఇలాంటివి కొని బాగు చేసి అమ్మితే లాభం ఉంటుందా? హెచ్1బీ మీద ఉన్నాను. (పేరు వద్దన్నారు)

జవాబు: లాభం లేదు. మీ పనికి గంటకి సున్నా డాలర్లు కట్టుకున్నా ఉండదు, నా వాలియంట్ మీద పెట్టినదాంట్లో సగం వస్తే సంతోషం. పైగా సొంత కారు ఒకటి అమ్ముకోవడం వేరు, వరుసగా కొని అమ్మడం వ్యాపారం, దానికి రాష్ట్రం డీలర్ లైసెన్సు అడుగుతుంది, మీ వీసా మీద అది ఇంకో తలనొప్పి. ఆ ఆలోచన ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఇన్సూరెన్సు మాత్రం "అగ్రీడ్ వాల్యూ" రకం, అంటే కారు ధర ముందే ఒప్పుకుని రాసుకునేది, తీసుకోండి, మామూలు పాలసీలో అరవై ఏళ్ల కారంటే తుక్కు ధర కడతారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి చేత 1960ల డార్ట్ ఒకటి కొనిపించి ఇక్కడికి తెప్పించుకుంటే ఎలా ఉంటుంది? (ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: పెద్దాయనా, ముందు రిజిస్ట్రేషన్ సంగతి. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి విడిగా నిబంధనలు తెచ్చింది, 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని సొంత వాడకం బండి అయితే నంబర్‌లో వీఏ అనే అక్షరాలతో ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లకి చెల్లుతుంది. కానీ రోజూ కూరగాయలకి వేసుకెళ్లడానికి కుదరదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోల్‌కి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి. అబ్బాయి అక్కడ కారు కొనక ముందే కస్టమ్స్ బ్రోకర్ దగ్గర సుంకం, ఓడ ఖర్చు, పోర్టు ఖర్చు కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం చూశాక చాలామంది మనసు మార్చుకుంటారు.

అమెరికా డార్ట్‌కి స్టీరింగ్ ఎడమవైపు. కుడివైపు కావాలంటే ఆస్ట్రేలియా చూడండి, ఫాల్కన్ 1960 నుంచి, వాలియంట్ 1962 నుంచి అక్కడ కుడి స్టీరింగ్‌తో వచ్చాయి, వాలియంట్ లోపల ఇంజన్ అదే స్లాంట్ సిక్స్. ఇంకా సులువు కావాలంటే మన దగ్గరే ఉంది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు డాడ్జ్, ప్లిమత్, డిసోటోలు కూర్చి అమ్మారు, హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు స్టూడ్‌బేకర్లు కూర్చారు. అవి కాంపాక్ట్‌లు కావు, పెద్దవి, కానీ కాగితాలు ఇక్కడివే, స్టీరింగ్ కుడివైపే. నేను పానా పట్టడం నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, మేనమామ షెడ్డులో, ఒక డాడ్జ్ కింగ్స్‌వే కింద పడుకునే. అప్పట్లో దాని ఒంటికి అంబాసిడర్ సామాన్లు, లారీ సామాన్లు ఎన్ని పట్టించారో లెక్కలేదు, అయినా నడిచేది. ఆటోనగర్‌లో టింకరింగ్ చేసేవాళ్ల చేతికి చదును రేకు ఇస్తే మడ్‌గార్డ్ కొట్టి ఇచ్చేవాళ్లు, ఇక్కడ అమెరికాలో ఆ పనికి గంటల చొప్పున బిల్లు చూస్తుంటే వాళ్లే గుర్తొస్తారు.

ప్రశ్న: మా పక్కింటి అమెరికన్ ఆవిడ తన భర్త వాడిన 1960 స్టూడ్‌బేకర్ లార్క్ ఊరికే ఇస్తానంటోంది. కంపెనీయే లేదు కదా, సామాన్లు ఎక్కడ దొరుకుతాయి? ఫోటోలు జత చేశాను. (ఒక పాఠకుడు, ఇండియానా)

జవాబు: తీసుకోండి, ఈ పత్రిక కింద పెట్టి వెంటనే వెళ్లండి. కంపెనీ లేదు గానీ సామాన్లు ఉన్నాయి. సౌత్ బెండ్ ఫ్యాక్టరీ 1963 డిసెంబర్‌లో మూతపడింది, కెనడాలో హామిల్టన్ ఫ్యాక్టరీ 1966 మార్చి దాకా నడిచింది, మిగిలిపోయిన సామాన్లు బోలెడు ఇప్పటికీ డబ్బాల్లో చేతులు మారుతూ ఉన్నాయి, స్టూడ్‌బేకర్ డ్రైవర్స్ క్లబ్ వాళ్లని పట్టుకుంటే దారి చూపిస్తారు. దీనికి వాలియంట్‌లా కాకుండా కింద విడిగా ఛాసిస్ ఉంటుంది, పాత పెద్ద కారునే ముందూ వెనకా కత్తిరించి లార్క్ చేశారు, అందుకే పొట్టిగా కనబడినా లోపల కాళ్లు చాపుకోవచ్చు.

మీ ఫోటోల్లో ముందు మడ్‌గార్డ్ పైభాగంలో, తలుపు దగ్గర, పెయింట్ పొంగినట్టు కనిపిస్తోంది. అక్కడ లోపల మట్టి చేరి తినేస్తుంది, వేలితో నొక్కి చూడండి. ముందు మడ్‌గార్డ్ బోల్టులతో ఊడేదే కాబట్టి భయం లేదు, ఛాసిస్ వెనక సగం మాత్రం స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసి రాయండి. ఇంజన్ ఏళ్ల తరబడి తిరగలేదంటున్నారు, సెల్ఫ్ కొట్టేయకండి. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి రెండు రోజులు వదిలి, పానాతో చేత్తోనే నెమ్మదిగా తిప్పండి. టైటిల్ ఆవిడ పేరు మీదికి మారిందో, ఇంకా భర్త పేరు మీదే ఉందో అడగండి, భర్త పేరు మీదే ఉంటే ముందు ఆవిడతో కలిసి వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు బీఎంవీకి మీరే వెళ్లి ఆ కాగితం పని పూర్తి చేయించండి, ఊరికే ఇస్తున్న మనిషికి ఆ తిప్పలు పెట్టకూడదు. కారు స్టార్ట్ అయిన రోజు ఆవిడని పక్క సీట్లో కూర్చోబెట్టి సౌత్ బెండ్ మ్యూజియం దాకా తీసుకెళ్లండి, ఒక ఫోటో నాకు పంపండి.